మూడు పూటల బొమ్మ

సిరొంచ దాటాక ఆ దవాఖాన గోడ నిండా
మరాఠీ అక్షరాలే.
సకాళీ, దుపారీ, సంధ్యాకాళీ.
వరసలో నిలబడ్డ ఆడవాళ్లకి తెలిసినవి
పొద్దుగాల, పగటీలి, మాపటీలి.
చివరి బెంచీ మీది మాడియా ముసలాయన దగ్గర
వీటికి ఇంకో మూడు పేర్లున్నాయి,
రెండుసార్లు అడిగినా నా నోరు తిరగలేదు.
గోలీని మాత్రం అందరూ గోలీ అనే అంటున్నారు.
నాకు దొరికిన ఆధారం అదొక్కటే.

నేను బొమ్మలు గీసేవాణ్ణి.
పుణెలో ఏసీ గది గోడకి పసుపు చీటీలు అంటించి
"సమస్య" అన్న చీటీ కింద
ఈ ఊరి పేరు రాసుకుని బయల్దేరాను.
రైలు దిగి, బస్సు దిగి,
టేకు చెట్ల మధ్య ఇంకో బస్సు దిగేసరికి
చీటీకి జిగురు పోయింది.

మూడు గోలీలూ ఒకేసారి మింగి
వాగు ఒడ్డున పడిపోయిన ఎర్రన్న సంగతి
కాంపౌండర్ చెప్పాడు.
ఆ రాత్రే గీశాను:
పొడిచే సూర్యుడు, నడినెత్తి సూర్యుడు, నెలవంక.
కవరు మీద ఒక్క అక్షరం లేదు.
ఎంత మురిసిపోయానో!

దుర్గం రాజుబాయి కవరు అటు తిప్పింది, ఇటు తిప్పింది.
"ఇది పొద్దు పొడుసుడా, గూకుడా?"
నేను మాట్లాడలేదు.
"అమాస నాడు సందమామ రాడు గదా,
ఆ మాపు గోలీ ఇడిసిపెట్టుమంటవా?"
వరస మొత్తం నవ్వింది.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

పొయ్యిలోంచి బొగ్గు తెచ్చింది.
కవరు వెనక్కి తిప్పి నేల మీద పెట్టుకుంది.
పొద్దుగాలకి చీపురు.
పగటీలికి, తునికాకు కోసే అడవిలో
కొమ్మకి వేలాడే సద్దిమూట.
మాపటీలికి చాలాసేపు ఆలోచించి
కడిగి బోర్లించిన గంజు గీసింది.
"గంజు బోర్లేసినంక ఇంట్ల ఎవ్వరూ తినరు బిడ్డా,
అదే రాత్రి."

అచ్చు వేయించడానికి డబ్బు లేదన్నారు.
పంక్చర్లు వేసే జగ్గయ్య
తెగిన హవాయి చెప్పు అడుగు కోసి
మూడు ముద్రలు చెక్కి ఇచ్చాడు.
సిరా ఏదీ?
కాంపౌండర్ సొరుగు లాగాడు.
ఇన్నేళ్లు ఈ ఊరి బొటనవేళ్లని నీలం చేసిన డబ్బా
కవర్ల పక్కన మూత తెరుచుకుని కూర్చుంది.
రాజుబాయి ముద్ర అద్దింది.
వేలికి అంటిన సిరాని
ఈసారి తుడుచుకోలేదు.

ముసలాయనకి చూపు మందం.
చీపురూ గంజూ ఒకటే మరక.
మొలతాడులోంచి దారం పీకి
ఒక ముడి, రెండు ముళ్లు, మూడు ముళ్లు వేసి
గోలీ పొట్లానికి కట్టుకుని వెళ్లిపోయాడు.
నేను షోలాపూరులో
మగ్గాల మోత కింద పుట్టినవాణ్ణి.
దారం తెగితే నాయన చీకట్లో వేలితో తడిమి అతికేవాడు.
ముడి అన్నది నాకే తట్టాలి.
తట్టలేదు.
ఆ దారం ఏ అచ్చులోనూ దిగలేదు,
మళ్లీ ఆయన కనపడనూ లేదు.

రిపోర్టులో "రూపకర్త" అని ఒక గడి ఉంది.
రాజుబాయి, జగ్గయ్య అని రాస్తే
ఇద్దరు పట్టరు, ఒకరే ఉండాలన్నారు.
ఇంకా వాదిస్తున్నాను.

వానలు మొదలై ప్రాణహిత పొంగిన వారం
నాకే జ్వరం వచ్చింది.
రాజుబాయి కూతురు పొట్లం తెచ్చి ఇచ్చింది.
ముద్ర అరిగి, గంజు ఒక పక్క చెదిరి,
తలకిందులుగా పడింది.
కరెంటు లేదు. పొద్దు ఎప్పుడు గూకిందో తెలియదు.
గోలీ వేసుకుని, నీళ్లు తాగి,
గ్లాసు కడిగి
కిటికీ గట్టు మీద బోర్లించాను.

అప్పుడయింది రాత్రి.